టార్కిల్ వచ్చే వేళ

ద్వీప విద్యుత్ సహకార సంఘ సభ్యులకు అధ్యక్షుని నమస్కారములు. తేదీ, స్థలం మీరెరిగినవే కనుక వ్రాయడం లేదు.

మన గాలిమరల కరెంటును నిల్వచేసే బ్యాటరీ గదిని చూసుకొనే టార్కిల్ శరదృతువులో మరణించాడు. కంప్యూటరులో అతని పేరును, సంకేతపదాన్ని తొలగించమని ఇంజనీరు కోరింది. మరణించిన సభ్యుని పేరును ఏడాది వరకు కొట్టివేయకపోవడం మన ఆచారమని నేనే అడ్డుపడ్డాను.

వారం తిరగకముందే, ప్రతి సాయంత్రం నాలుగింటికి అతను పనిలోకి వచ్చినట్టే ఆ పేరు తెరపై వెలగసాగింది. అతని భార్య బిర్గిట్ ఆక్సిజన్ సిలిండరును చిన్న బండిపై లాక్కుంటూ వచ్చి చూసేది.

“వచ్చాడు మాష్టారూ! బతికున్నన్నాళ్ళూ ఒక్కరోజైనా వేళకి రాలేదు, మహానుభావుడు!” అని నవ్వేది.

“అది ఆయన కాదండీ. ఎవరో ఆ పేరుతో మన కంప్యూటరు తలుపు తీసి చూసుకుంటున్నారు,” అని ఇంజనీరు మొత్తుకుంది.

“ఆవిడ నవ్వు చూశావా? ఏడాది నిండనీయమ్మా,” అన్నాను.

మొన్నటి తుపానులో గాలిమరలను ఆపవలసివచ్చింది; అవతలి ఒడ్డు నుంచి మనకు కరెంటు తెచ్చే సముద్రగర్భపు కేబులు తెగింది. బ్యాటరీలు మాత్రం అప్పటికే ఖాళీ. టార్కిల్ పేరుతోనే ఎవరో వాటిని ఖాళీచేశారు. బిర్గిట్ ఇంట శ్వాసయంత్రం ఆగిపోయింది; సిలిండరు తెల్లవారేదాకా సరిపోలేదు.

నిన్న నాలుగింటికి ఆ పేరు మళ్ళీ వెలిగింది. చూడడానికి ఆమె లేదు. నా చేతితోనే కొట్టివేశాను.

ఆమె సంతాపసభలో ఈ కార్డును పైకి చదివించండి. నా తప్పు వచ్చినచోట గొంతు తగ్గించవద్దు.