బుధవారం బ్యాకప్

కంటి ఆపరేషనయ్యాక చూపు ఆనక, నీటి పరీక్షల ఫైళ్లను నేనే చెరిపేశానన్న మాట ఊరంతా పాకింది. అది అబద్ధం. ఆ పరీక్షలు చేసే ప్రయోగశాల కంప్యూటర్లను ముప్పై ఏళ్లుగా చూస్తున్నదాన్ని. వయసు మీద పడింది గాని మతి పోలేదు.

ఆ నీళ్లు తాగి ముగ్గురు పిల్లలు చనిపోయారు. వాటిలో విషముందని ముందే తేల్చిన ఫైళ్లు, విచారణాధికారి వచ్చి అడిగేసరికి లేవు.

మేము ఆదివారం ఫైళ్లన్నిటికీ బ్యాకప్, అంటే విడిగా దాచే నకలు, తీస్తాం. తక్కిన రోజుల్లో ఆనాటి మార్పులకు మాత్రమే. నిన్న కూర్చుని, ఒక్కొక్క కమాండే కొడుతూ, ఆదివారం నకలు మీద ఒక్కో రోజు మార్పులనూ వరసగా విప్పాను. మంగళవారం దాకా ఫైళ్లు భద్రంగా వచ్చాయి. బుధవారానిది విప్పగానే మాయమయ్యాయి. బ్యాకప్ చెడిందేమోనని మూడుసార్లు పరీక్షించాను. చెడలేదు. ఆ రోజు చేర్చినవాటినే కాదు, తొలగించినవాటినీ అది గుర్తుంచుకుంటుంది; అంటే ఫైళ్లను చెరిపింది బుధవారమే.

బుధవారం నేను ఆపరేషన్ బల్ల మీద ఉన్నాను. నా తాళాలూ పాస్‌వర్డూ ప్రయోగశాల అధికారి దగ్గర ఉన్నాయి. ఆయన నా తమ్ముడే.

ఈ సాయంత్రం వాడే వచ్చి నా కంట్లో చుక్కలు వేశాడు.

"పొరపాటున చెరిగిపోయాయని ఒక్క మాట అనెయ్యక్కా. ముసలావిడ కదా అని వదిలేస్తారు. నాకైతే పిల్లలున్నారు."

"ఆ ముగ్గురూ పిల్లలే కదరా!"

"అబ్బా, నీతో ఓ పట్టాన తెమలదు. ఆలోచించుకో. రేపొస్తా."

"రానక్కర్లేదు. చుక్కలు నేనే వేసుకుంటాను," అని మందు సీసా వాడి చేతిలోంచి తీసుకున్నాను.

ఆ బ్యాకప్‌లను ఈ పొద్దున్నే విచారణాధికారికి ఇచ్చి వచ్చాను, బుధవారానిదీ కలిపి.