ఖాళీ కణం

“దీన్ని కూడా ఆవిరి పెట్టెలో పడేసి ఉడికించెయ్. మిగతా డిష్‌లన్నీ వెళ్ళిపోయాక ఇదొక్కటీ దేనికి?” అంది అక్క.

చెల్లెలు గాజు డిష్‌కి రెండు చేతులూ అడ్డం పెట్టింది. “సాయంత్రం దాకా ఆగక్కా.”

“ఇంట్లో అక్కని. ల్యాబ్‌లో మేడమ్‌ని.”

“సరే మేడమ్, సాయంత్రం దాకా ఆగక్కా.”

నవ్వాల్సిన మాటే గానీ ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. ఆ ల్యాబ్‌కి పెద్ద అక్కే. ఈ డిష్ పోతే చెల్లెలు ఇన్నాళ్ళూ పడ్డ చాకిరీ పోతుంది, దాని వెనకే ఉద్యోగమూ పోతుంది.

డిష్‌లో పెట్టింది ఒకే ఒక్క నాచు కణం. ఆ ఉదయమే రెండుగా చీలింది. మామూలు నాచు కణంలో పచ్చరంగు నింపుకున్న తిత్తి ఒకటుంటుంది, దాని నిండా డీఎన్ఏ చిన్న చిన్న చుక్కలుగా చెదిరి ఉంటుంది. కణం ఎటు చీలినా పిల్ల కణాలు రెండింటికీ వాటా అందుతుంది. ఈ నాచుకేం తెగులో, ఆ తిత్తిలోని డీఎన్ఏ అంతా ఒకే ముద్ద కట్టింది. డీఎన్ఏకి మాత్రమే పట్టే రంగు మందు వేసి నీలి దీపం వెలిగిస్తే ఎడమ పిల్లలో ముద్ద ధగధగా మెరిసింది. కుడి పిల్లలో చీకటి.

“ఆ ఖాళీది చస్తుంది. చచ్చే నాచుతో పరిశోధనేంటి?”

“చిటికెడైనా దానికీ వెళ్ళే ఉంటుంది. దాన్నే నకలు మీద నకలు తీసుకుని పెరుగుతుంది. నీ పాత గౌన్లు తొడుక్కుని నేను పెరగలేదూ?”

అక్క మొహం గంటు పెట్టుకుంది. “సాయంత్రానికి అది పచ్చగా ఉంటే నీ పని నీది. లేదా, మూసెయ్యడమే.”

“అయితే ఆ దీపం మాటిమాటికీ వెయ్యకు. ఆ వెలుగు పడితే రంగు పట్టిన చోటల్లా కాలుతుంది.”

“నాకే పాఠాలా?”

చెబితే వింటే అక్క ఎందుకవుతుంది! అటు వచ్చినప్పుడల్లా దీపం వేసి తొంగి చూసేది. “చీకటే,” అనేసి పోయేది. చెల్లెలి ప్రాణం గిలగిల్లాడేది. భయమంతా ఖాళీదాని గురించే. నిండుగా ఉన్నదానికేం, దాని బతుకు అది బతుకుతుందని దానివంక చూడనైనా లేదు.

సాయంత్రం అక్క మామూలు వెలుగులోనే మైక్రోస్కోప్ మీదకి వంగింది.

“చెప్పానా? ఒకటి పోయింది. తెల్లగా పాలిపోయింది.”

చెల్లెలు చేతిలో పని వదిలేసి వచ్చింది. అక్కని పక్కకి జరిపి తనూ చూసింది.

“అక్కా... పోయింది ఎడమది.”

“ఎడమదా? నిండుగా ఉన్నదా?”

“చూసి రమ్మంటే కాల్చి వచ్చావు. రంగంతా దాన్లోనే ఉందాయె. కుడిదాన్లో కాలడానికేముంది?”

అక్క కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. కుడి పిల్ల పచ్చగా, ఉదయం కన్నా కాస్త బొద్దుగా కూడా ఉంది.

“అయితే ఇది నిజంగానే డీఎన్ఏ పోగేసుకుందన్నమాట! ఎంతుందో చూద్దాం,” అంటూ దీపం స్విచ్ మీదకి చెయ్యి చాపింది.

చెల్లెలు ఒక్క ఉదుటున ప్లగ్ పీకేసింది.

“వద్దక్కా, నీకు దణ్ణం పెడతాను. అది ఇంకా ఖాళీదే అనుకో!”