పూడిన పగులు

“సోమన్నా, పగులు పూడిపోయింది!” ఇంజినీర్ హిమజ ఆకుపచ్చ గోడను మురిపెంగా నిమిరింది.

మెట్టుగూడలో ఆమె కట్టించిన ఆ గది ఇటుకల్లో సూక్ష్మజీవులు బతికే ఉన్నాయి. గాలిలోని కార్బన్‌ను పీల్చుకుని, పగుళ్లను అవే పూడుస్తాయి.

“మొన్న దాంట్ల నా వేలు పట్టేది మేడం,” అన్నాడు మేస్త్రీ సోమయ్య.

“యాడుండెనో ఇప్పుడు ఎవ్వరన్నా చెప్తరా?” అంది హిమజ. “రేపు గోడ చూడనీకి వచ్చేటోళ్లు పరేషాన్ అయితరు. ఈ గోడతోని ఎవ్వరికీ తక్లీఫ్ లేదు.”

బల్లి పలికింది.

“సత్యం!” సోమయ్య చిటికె వేశాడు.

ఇద్దరూ తలెత్తారు. పైకప్పు మీద బల్లి లేదు, మూలల్లో లేదు. మళ్లీ పలికింది, గోడ లోపలి నుంచి.

సోమయ్య ఉలి పట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు.

“రేపటి సంగతి తర్వాత. కొట్టన్నా!”

“యాడ కొట్టాలె మేడం?”

హిమజ రెండు చేతులతో నున్నటి గోడను తడుముతూనే ఉంది.