విప్పిన చక్రం

1966, దసరా నాటి ఉదయం ఏడు గంటలు. రాత్రి కురిసిన వాన వెలిసింది గాని మబ్బు విడలేదు, గాలి కదలలేదు.

నిజామాబాదులో బట్టల దుకాణం నడిపే లక్ష్మీరాజం ఇంటి వాకిట్లో, కిందటి నెల బోధన్‌లో కొన్న పాత కారు ఒక పక్క జాకీ మీద లేచి ఉంది.

ముందు టైర్లు అరిగాయి. వాటిని వెనక్కి, వెనకవాటిని ముందుకు మార్చి, పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాలని అతని ఉబలాటం.

వాకిలి గేటు వైపు వాలుగా ఉంటుంది. కారు కదలకుండా ముందు చక్రానికి అడ్డం పెట్టిన రాయి, అతని భార్య శ్యామలమ్మ పేడనీళ్లతో సానిపి చల్లి వేస్తున్న ముగ్గుకు సరిగ్గా నడుమ పడింది.

"రాయి తియ్యాల్నా?"

"తియ్యి. చేతిబ్రేకు గుంజిన గద."

ఆమె రాయి తీసి గోడ పక్కన పెట్టింది.

అప్పుడే చూసింది, గేటు దగ్గర బురఖా ముసుగు పైకి వేసుకుని నిలబడిన ముసలామెను.

"ఎవరు గావాలె?"

"ఎవ్వరు గాదు బేటీ. కారు సూస్తున్న."

"పండుగ ఇనాముకైతె పొద్దెక్కినంక రా."

"సూడనియ్యవే," లక్ష్మీరాజం నవ్వాడు. "నలుగురు సూసెతందుకే గద కొన్నది. దిష్టి తాకితె నిమ్మకాయలు ఉండనే ఉన్నయి."

వెనక చక్రం విప్పి నేల మీద పడేసి, అతడు చాయ్ తాగడానికి లోపలికి పోయాడు. శ్యామలమ్మ ముగ్గుపిండికి వెళ్లింది.

ఆమె తిరిగి వచ్చేసరికి ముసలామె వాకిట్లో ఉంది. విప్పిన చక్రాన్ని రెండు చేతులతో దొర్లించుకుపోతోంది. తెల్లని ముగ్గు మీద నల్లటి చార పడింది.

శ్యామలమ్మ కేక విని కూడా ఆమె ఆగలేదు. చక్రాన్ని కారు పక్కన పడుకోబెట్టి, రొప్పుతూ కారు కిందికి నెట్టింది.

శ్యామలమ్మ ఆమె రెక్క దొరకబుచ్చుకుంది.

"టైరు దొర్లిచ్చుకపోనీకి నీకు పండుగపూటనే దొరికిందా?"

"టైరు నాకెందుకు బేటీ? కిందికి నెట్టిన, గంతే. గీ కారు బ్రేకు..."

"ముందుగాల బయటికి నడువు."

పక్కింటి భోజన్న పరుగెత్తుకొచ్చాడు.

"గీ వయసుల గిదేం పని అవ్వా? చేతుల తస్బీ పూసలు ఉండాలె గని టైరుంటదా?" అంటూ ఆమెను గేటు బయటికి నెట్టి గొళ్లెం పెట్టాడు.

ఆమె చెప్పు ఒకటి బురదలో ఇరుక్కుని లోపలే ఉండిపోయింది.

గేటు సందులోంచి ఆమె శ్యామలమ్మనే చూసింది.

"ఆయన పని అయ్యెదాక దాన్ని గుంజకు బేటీ. నీ కాళ్లు మొక్కుత."

లక్ష్మీరాజం బయటికొచ్చి సంగతి విన్నాడు.

"ఏమన్న పోయిందా?"

"ఏం పోలే. నట్టొకటి కారు కిందికి దొర్లినట్టున్నది."

"చక్రం తర్వాత గుంజుదాం, ముందు నట్టు తియ్యనియ్యి." అతడు వెల్లకిలా పడుకుని, కారు కిందికి భుజాల దాకా దూరాడు.

కారు వాలుకు కదిలింది. జాకీ ఒరిగింది.

కారు దభాలున దిగి, చక్రం మీద ఆగింది.

నేలకూ ఇనుముకూ నడుమ, సరిగ్గా ఒక మనిషి ఛాతీ పట్టేంత సందు మిగిలింది.

అతడు పాకుతూ బయటపడ్డాడు.

శ్యామలమ్మ గోడ పక్కనున్న రాయిని చూసింది. తాను నడుమ తెంపిన బ్రేకు మాట అప్పుడు వినబడింది. గొళ్లెం తీసి వీధి చివరిదాకా పరుగెత్తింది.

ఎవరూ లేరు.

చెప్పును కడిగి దాచింది. ఆ తర్వాత ఏ దసరాకూ ఆ గేటుకు గొళ్లెం పడలేదు.

1973లో ఆ కారును పాత సామానుకింద కొనడానికి బోధన్ నుంచి కార్లు బాగుచేసే గులాం మేస్త్రీ వచ్చాడు. వాకిట్లోనే విప్పడం మొదలుపెట్టి, మొదటి చక్రం ఊడగానే దాన్ని కారు కిందికి నెట్టాడు.

"గిట్ల పెట్టాలని నీకెవరు చెప్పిండ్రు?" శ్యామలమ్మ దగ్గరికొచ్చి అడిగింది.

"మా బోధన్ మేస్త్రీలందరికి ఒక్కామెనే చెప్పిందమ్మా. కనీజ్ అమ్మీ. పెట్టకుంటె దుకాణం ముంగట నిలబడి తిట్టేది."

శ్యామలమ్మ లోపలికి వెళ్లి చెప్పు తెచ్చింది. గులాం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఓ దసరానాడు ఒంటి చెప్పుతోటి వచ్చింది. ఏడికి పోయినవమ్మీ అంటె చెప్పలే."

"నన్ను ఆమె దగ్గరికి తీస్కపోతవా?"

"పోయిన రంజాన్‌ల పానం పోయింది. ఆఖరిదాక ఒక్కటే మాట. నిజామాబాద్‌ల గా ఇంటాయన బతికి ఉన్నడా, ఎవరన్న సూసి రారాదుండ్రి అని. ముసలితనంల ఏదో అంటున్నదనుకున్నం. ఎవ్వరం రాలే."

"ఆమెకు గీ కారుతోటి ఏం పని?"

గులాం కారు నంబరు చూశాడు. చేతిలోని పానా కింద పెట్టాడు.

బ్రేకు పట్టని ఆ కారుకు మొదటి డ్రైవరు ముష్తాక్ అని, ఒకనాడు టైర్లు మారుస్తూ దాని కిందే నలిగిపోయాడని, ఆ సంగతి దాచి యజమాని కారు అమ్మితే కొన్నవాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన కనీజ్ ఆ ముష్తాక్ తల్లి అని చెప్పాడు.