కళ్లు మూయకు నాన్నా

నాలుగోసారి కూడా ఫ్లాష్ వెలగగానే నాన్న కళ్లు మూసేశాడు.

గుర్తింపు కార్డుకి ఫోటో కావాలంటూ ఆయనే నా స్టూడియోకి వచ్చాడు. నేను ఇంటికి వెళ్లి రెండు నెలలైంది.

ఫోన్ మోగింది. ఈరోజు పెళ్లి చేసుకుంటున్న నా స్నేహితురాలు.

“ఎక్కడ చచ్చావే? పెళ్లికూతుర్ని నేనే తయారై కూర్చున్నా, ఫోటోలు తీసే నీకు తీరిక లేదా!”

“వస్తున్నానే, ఐదే ఐదు నిమిషాలు.”

లైటు కాస్త పక్కకు జరిపాను. “నాన్నా, నీకు పుణ్యముంటుంది. ఒక్క క్షణం రెప్ప వెయ్యకు.”

“సరేనమ్మా.”

మళ్లీ మూశాడు.

“కావాలనే చేస్తున్నావా?” అని విసుక్కున్నాను.

నాన్న స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు.

“మరేం చెయ్యను తల్లీ? ఫోటో బాగా వచ్చేస్తే నువ్వు వెళ్లిపోతావుగా.”