ఆయన చెప్పిన రుచి

"వెంటనే మింగేయకండి. కాసేపు నాలుక మీద ఉంచుకుని అప్పుడు చెప్పండి," అందామె.

ఆయన బుగ్గలు పొంగించి, కళ్ళు చిట్లించి, పరీక్షలో జవాబు గుర్తురాని పిల్లాడిలా పైకి చూశాడు. చేతిలోని గ్లాసులో ఎర్ర వైన్, అందులో కమలా తొనలు, చెర్రీలు, ఐసు ముక్కలు. బయట ఎండ పెళపెళా కాస్తోంది. మధ్యాహ్నానికి వాళ్ళ చిన్న హోటల్లో వేసవి మెనూ మొదలవ్వాలి. పండ్లూ వైనూ కలిపిన చల్లటి పానీయాలు, వైన్‌తో వండిన స్టార్టర్లు, అన్నీ ఆమె చేతివే.

"బాగుంది," అన్నాడు మింగేసి.

"బాగుంది అంటే?"

"అంటే... ముందు తియ్యగా తగిలింది. ఆ వెనకాలే కమలా పులుపు. చివర్లో కాస్త వగరు. అది మాత్రం వెళ్ళమన్నా వెళ్ళట్లేదు."

"అయితే చెర్రీలు ఇంకాసేపు నానాలి," అని ఆమె జగ్గు తీసుకెళ్ళి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టింది.

చలికాలంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమె ముక్కునీ నాలుకనీ కూడా తీసుకుపోయింది. రొట్టె తిన్నా అట్టముక్క నమిలినా ఒకటే అయిపోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టాలన్నాడు డాక్టరు. వంటే బతుకైన మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది? పండు కోసినప్పుడల్లా ఏడుపొచ్చేది. అప్పటి నుంచి ఆమె నాలుక చేయాల్సిన పని ఆయన చేస్తున్నాడు.

అదేం చిన్న విషయం కాదు. ఆయన నోరు విప్పడమే ఆ ఇంట్లో పెద్ద విశేషం. పెళ్ళయిన దగ్గర నుంచీ "బాగుంది" అనే ఒక్క ముక్కతో సంసారం లాక్కొచ్చిన ఘనుడు. వంట బాగుంది, కొత్త బట్టలు బాగున్నాయి, జుట్టు కత్తిరించుకుంటే అదీ బాగుంది. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అని ఆమె దెప్పితే, ఓ నవ్వు నవ్వి కౌంటర్ దగ్గరికి జారుకునేవాడు. అలాంటివాడు ఇప్పుడు గరిటె గరిటెకీ మాటలు వెతుక్కుంటున్నాడు.

ఆయన చెల్లెలు వంటగదిలోకి వచ్చింది. హోటల్లో సగం వాటా ఆమెదే.

"వదినా, కోప్పడకు. ఒక వంటతన్ని మాట్లాడాను. మంచి పనివాడు. రేపటి నుంచి వస్తాడు."

"మరి నేనేం చెయ్యాలి?"

"కూర్చుని చెప్పు. అతనే చేస్తాడు, అతనే రుచి చూసుకుంటాడు. అన్నయ్య నాలుకను నమ్ముకుని ఎన్నాళ్ళు నడుపుతాం?"

"అదీ నిజమే," అన్నాడు ఆయన తల దించుకుని. "నాకేం తెలుసు రుచుల గురించి."

ఆమె గబుక్కున అందుకుంది. "ఈ ఒక్క పూట చూడండి. ఒక్క ప్లేటు వెనక్కొచ్చినా అతన్ని పిలిపించండి. నేను అడ్డు చెప్పను."

"ఇంత పంతం ఎందుకు వదినా? హాయిగా విశ్రాంతి తీసుకోక."

"పంతమే అనుకో."

రొయ్యల్ని వెన్నలో వెల్లుల్లితో వేయించి, తెల్ల వైన్ పోసి మంట పెంచింది. ఆవిరి గుప్పున లేచి మొహానికి కొట్టింది. ఆమె కాసేపు అలాగే వంగి నిలబడిపోయింది. ఆడపడుచు జాలిగా చూసి బయటికి వెళ్ళిపోయింది.

ఆయన ఒక రొయ్య నోట్లో వేసుకున్నాడు. "వెన్న ఎదురొచ్చి పలకరించింది. పులుపు మాత్రం తలుపు చాటున ఉంది."

"నిమ్మరసంతో పిలుద్దాం," అని నవ్విందామె. తర్వాత పీచ్ ముక్కలు, పుదీనా వేసిన తెల్ల వైన్ గ్లాసు అందించింది.

ఆయన ఒక గుక్క తాగి గ్లాసులోకి చూశాడు.

"పెళ్ళయిన కొత్తలో మన బస్సు చెడిపోయింది, గుర్తుందా? రోడ్డు పక్కన పీచ్ పళ్ళు కొన్నాం. నువ్వు కొరికితే రసం మోచేతి దాకా కారింది. సిగ్గేసి చెయ్యి వెనక్కి దాచుకున్నావు. ఇది ఆ రోజులా ఉంది."

"అదింకా గుర్తుందా మీకు?"

"అన్నీ గుర్తుంటాయి. చెప్పడమే రాదు."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. మాట కోసం ఇన్నేళ్ళు మొహం వాచిపోయిన మనిషి మరి. "ఇంకా చెప్పండి," అంది.

"ఇంకేముంది, సరిగ్గా కుదిరింది. ఏమీ వెయ్యక్కర్లేదు."

ఆయన వెళ్ళాక ఆమె ఆ పీచ్ జగ్గులో రెండు నిమ్మచెక్కలు పిండి, చిటికెడు ఉప్పు వేసి కలిపింది.

మధ్యాహ్నం బల్లలన్నీ నిండాయి. రొయ్యల ప్లేట్లు, వైన్‌లో ఉడికించి చీజ్ పెట్టిన బేరిపండ్ల ప్లేట్లు తుడిచినట్టు ఖాళీగా వచ్చాయి. మూలబల్ల వాళ్ళు పీచ్ జగ్గు మళ్ళీ తెప్పించుకున్నారు.

"ఒక్కటీ వెనక్కి రాలేదు వదినా," అంటూ ఆడపడుచు కుర్చీలో కూలబడింది. "వంటతనికి వద్దని చెప్పేస్తాలే. కానీ రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఈమధ్య నువ్వు వెళ్ళడమే మానేశావు."

"ఎందుకులే. వచ్చేదుంటే అదే వస్తుంది."

జనం వెళ్ళిపోయాక భార్యాభర్తలిద్దరూ కిటికీ పక్కన కూర్చున్నారు. ఆయన జగ్గులో మిగిలింది రెండు గ్లాసుల్లోకి పోశాడు.

"నువ్వు తాగి, ఎలా ఉందో నువ్వే నాకు చెప్పే రోజు రావాలి," అన్నాడు మెల్లగా. "దాని కోసమే కాచుకుని ఉన్నాను."

ఆమె ఏదో అనబోయి, గ్లాసు పెదాలకు ఆనించుకుంది.

"అందాకా మీరే చెప్పండి."

ఆయన నుదురు ముడిచి మళ్ళీ మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఆమె చెంపకు చెయ్యి చేర్చుకుని, ఒక్క మాట కూడా వదలకుండా వింటూ కూర్చుంది.

ఆమె నాలుకకు రుచి తిరిగొచ్చి నెల దాటింది.