పదకొండు సెకన్లు

బడి ముందు రోడ్డు మీద, నడిచేవాళ్లు దాటమని సిగ్నలులో పచ్చబొమ్మ వెలుగుతుంది. పదకొండు సెకన్లకు ఆరిపోతుంది.

పిడుగు చెల్లెలిది ఒకటో తరగతి. ఆ పదకొండు సెకన్లలో దాని నడక రోడ్డు సగం దాటుతుంది, అంతే.

మొన్న ఆ మిగిలిన సగంలోనే ఒక బండి దాని సంచీని ఈడ్చుకుపోయింది. సంచీ పోయింది, పిల్ల దక్కింది.

అమ్మ గుండె జారిపోయింది. దీనికి ఇంకో ఏడాది దాకా బడీ గిడీ వద్దు, సోమవారం నుంచి ఇంట్లోనే ఉంటుందని తేల్చి చెప్పేసింది.

నాలుగో తరగతి పిడుగుకు ఒళ్లు మండింది. ఆ పేరు దానికి ఊరికే రాలేదు. రోడ్డు తప్పుకి చెల్లికి శిక్షేమిటి?

ఆ వారమే టీచరు కాలాన్ని కొలవడం నేర్పింది. చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి, బకెట్ నిండటానికెంత, మెట్లెక్కడానికెంత, ఒక్కోటీ మూడేసి సార్లు కొలవమంది. పిడుగు తరగతినంతా వెంటేసుకుని, టీచరును కూడా లాక్కుని రోడ్డు మీదకి పోయింది.

రోడ్డు దాటడానికి ఒకటో తరగతి పిల్లలకి పద్దెనిమిది సెకన్లు. చేతికర్ర తాతయ్యకి ఇరవై మూడు.

పట్టిక గీసి రోడ్ల ఆఫీసుకు ఉత్తరం రాశారు. చదువుకోమంటే ఈ పెత్తనాలేమిటని హెడ్మాస్టరు సణిగాడు. టీచరు వినీ విననట్టు ఉత్తరం పోస్టు చేసేసింది.

శుక్రవారం ఆఫీసరు వచ్చాడు. పట్టిక చూసి నవ్వాడు. సిగ్నలు పెట్టిన రోజున తానే స్వయంగా నడిచి కొలిచాడట. తొమ్మిది సెకన్లే పట్టిందట. పైగా రెండు కలిపి ఇచ్చాడట.

హెడ్మాస్టరు తలూపాడు. అంత పెద్దాయన చెప్పాక ఇంకేముంది!

పిడుగు లేచి నిలబడింది. కూర్చోమని హెడ్మాస్టరు గుడ్లురిమాడు. కూర్చుంటేగా.

"అవి మీ కాళ్లు సార్. మా చెల్లి చెయ్యి పట్టుకుని దాటండి. దాని నడకే నడవాలి."

అంతమంది పిల్లల ముందు కాదనలేక ఆఫీసరు సరేనన్నాడు. టీచరు ఒకటో తరగతి గదికెళ్లి చెల్లిని పిలుచుకొచ్చింది.

అందరూ ఫుట్‌పాత్ మీద వరసగా నిలబడ్డారు. పచ్చబొమ్మ వెలిగింది. పిల్లలు గొంతెత్తి లెక్కపెట్టారు.

పదకొండు.

బొమ్మ ఆరింది. ఆఫీసరు రోడ్డు నడిమధ్యన ఉన్నాడు.

హారన్లు మోగాయి. ఆయన ఒక చెయ్యి బళ్లకు అడ్డంపెట్టి, రెండో చేత్తో చెల్లి వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు.

పిల్లలు లెక్క ఆపలేదు. పన్నెండు. పదమూడు. పధ్నాలుగు.

పంతొమ్మిదికి అవతల చేరారు. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది.

పిడుగు ఇవతలి నుంచి కేకేసింది.

"ఒక్కసారి కొలిస్తే చాలదు సార్. మూడుసార్లు కొలవాలి. ఇటు రండి."

ఆఫీసరు సిగ్నలు వైపు చూశాడు. వస్తున్న బళ్ల వైపు చూశాడు. వంగి, చెల్లిని ఎత్తుకోబోయాడు.

అది వెనక్కి జరిగింది.

"ఎత్తుకుంటే లెక్కలోకి రాదు సార్" అంది.